ఏడుకి లొంగిన సంఖ్య

వీరదుర్గ ఓటు వేయడానికి వెళ్లేసరికి లైను బడి వరండా చివరిదాకా ఉంది. వేట నిషేధం రోజులు. అంతర్వేదిలో పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి, అమ్మడానికి చేపల్లేవు. తొందరేమీ లేక గోడ మీది నల్లబల్లకేసి చూస్తూ నిలబడింది. లెక్కల మాస్టారు సెలవులకి ముందు రాసినది ఇంకా చెరగలేదు.

"ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెలన్నీ ఒక్కోసారే వాడి ఒక సంఖ్య రాయండి. అందులో మొదటి రెండంకెల సంఖ్య రెండుతో, మొదటి మూడంకెలది మూడుతో, అలాగే మొత్తం సంఖ్య తొమ్మిదితో శేషం లేకుండా పోవాలి."

పదో తరగతితో చదువాపేసి వీరదుర్గ చేపల తట్ట ఎత్తుకుని ఇరవై ఏళ్లయింది. అయినా వేలికి సిరా పడేలోపే రెండు సంగతులు తట్టాయి. ఐదోచోట ఐదు తప్ప ఇంకేదీ పట్టదు. రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది స్థానాల్లో సరి అంకెలే రావాలి.

ఇంటికెళ్లి పాత క్యాలెండరు కాగితాల వెనక రాయడం మొదలెట్టింది. వల బాగుచేసుకుంటున్న మొగుడు పల్లంరాజు రెండ్రోజులు ఊరుకుని, మూడోరోజు అడిగాడు.

"ఏంటే ఆ రాతలు?"

"ఓ నంబరు కోసం వెతుకుతున్నాను మావా."

"దొరికితే ఏం చేస్తావ్?"

"ఏమో. ముందు దొరకనీ."

మూడుతో, నాలుగుతో, ఆరుతో, ఎనిమిదితో జల్లెడ పట్టేసరికి లక్షల్లో ఉన్నవి పదికి దిగాయి. ఇక ఏడే తేల్చాలి. ఒక్కోదాని మొదటి ఏడంకెలూ ఏడుతో భాగించుకుంటూ పోయింది. తొమ్మిదింటికి శేషం మిగిలింది. ఒక్కటే లొంగింది: 38,16,54,729.

బడి తెరిచిన రోజున కాగితం పట్టుకెళ్లి లెక్కల జయపాల్ మాస్టారికి చూపించింది.

"ఇదేనమ్మా! ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదండి. ఇంకోటి లేదండి, అన్నీ చూశాను."

మాస్టారు కుర్చీ వేసి కూర్చోబెట్టి, ఎలా చూసిందో మొత్తం చెప్పించుకున్నారు. చెప్పడం అయ్యాక వీరదుర్గ కాస్త తటపటాయించింది.

"ఇంకో సంగతండి. చివర సున్నా పెడితే పదితో కూడా పోతుందండి. అంకెలు మళ్లీ వచ్చినా పర్లేదనుకుని చివర ఒక్కోటే చేరుస్తూ పోతే పదకొండుకి ఆరు, పన్నెండుకి సున్నా, పదమూడుకి ఎనిమిది పడతాయండి. పద్నాలుగుకే ఏదీ పట్టట్లేదు. నా లెక్క తప్పేమోనండి?"

మాస్టారికి ఆ సంగతి తెలీదు. తెలీదనే చెప్పి, తనూ పెన్ను తీశారు. ఐదు చేరిస్తే సంఖ్య ఏడుతో పోతోంది గానీ బేసి అయిపోతోంది. పద్నాలుగుకి సరిసంఖ్యే కావాలి. మిగతా తొమ్మిదంకెలకీ ఏడుతోనే కుదరలేదు.

"మీ లెక్క తప్పు కాదమ్మా. దీని దారి పదమూడుతో ఆగిపోయింది."

వీరదుర్గ ఆ పొడవాటి సంఖ్య కింద వేలితో గీత గీసింది.

"మరి అంకెలు మళ్లీ వాడుకోవచ్చని మొదట్నుంచే అనుకుంటే, ఇంకోటేదైనా దీన్ని దాటి వెళ్తుందాండి?"

"చూద్దాం పట్టండి" అంటూ మాస్టారు ఆమెకో తెల్లకాగితం ఇచ్చి, తనో కాగితం ముందేసుకున్నారు.