ఏడాది నిలిచే పూత

మా ఆయనకు ఇద్దరు పెళ్లాలు. ఒకదాన్ని నేను, రెండోది వాకిట్లో నిలబడే ముదురు నీలం కారు. పదిమందిలో ఈ మాట అన్నా ఆయన నవ్వేవారే తప్ప కాదనేవారు కాదు. ముదురు రంగు కారు కొనడమంటే కొరివితో తల గోక్కోవడమే. ఎండ పడితే చాలు, వెంట్రుకంత గీత కూడా వీధి చివరికి కనిపిస్తుంది. అందుకని వారం వారం కడగడం, రెండు మూడు నెలలకోసారి చేత్తో వ్యాక్స్ పట్టించడం. ఎప్పుడైనా నేను జాలిపడి పొడి గుడ్డతో దుమ్ము తుడవబోతే ఇల్లెగిరిపోయేలా అరిచేవారు.

"గీతలు పెట్టేదే ఆ దుమ్ము! దాన్ని పెట్టి రుద్దుతావేంటి?"

"నా మొహం వైపు ఎప్పుడైనా ఇంత శ్రద్ధగా చూశారా?" అని దెప్పేదాన్ని. "నీ మొహానికి పాలిష్ అక్కర్లేదులే" అని తప్పించుకునేవారు. మాటకారి.

అలాంటి మనిషికి లివర్లో జబ్బు మొదలై ఎముకల దాకా పాకింది. ఇకపై ఇచ్చే మందులు నొప్పికే తప్ప జబ్బుకు కాదని డాక్టరమ్మ మా ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పింది. ఇంటికొచ్చాక ఆ మాట ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. కూర గురించీ కరెంటు పోవడం గురించీ పోట్లాడుకున్నాం. నాకు కావలసింది కూడా అంతే. పోతున్నానన్న మాట ఆయన నోటి వెంట రాకూడదు. అది విని తట్టుకునే శక్తి నాకు లేదు.

ఒకరోజు కారు సామాన్ల షాపుకు వెళ్దామన్నారు. వద్దంటే వినే ఘటమా? నేనే నడిపాను. సీటు కవర్లూ రబ్బరు మ్యాట్లూ వేలాడే ఇరుకు షాపు అది. షాపతన్ని ఈయన తమ్ముడూ అని పిలుస్తారు కాబట్టి నాకు మరిది. ఈయన్ని చూడగానే అతని మొహంలో రంగు మారింది, కానీ వెంటనే సర్దుకున్నాడు.

"సన్నబడ్డారే అన్నయ్యా, వదిన వంట మానేసిందా?" అంటూ, అడక్కుండానే ఎప్పుడూ ఇచ్చే వ్యాక్స్ డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు.

"అది కాదు తమ్ముడూ. సీలెంట్ ఇవ్వు. వ్యాక్స్ లాగే రాసే పూత, ఏడాది నిలిచేది."

మరిది నోరు తెరిచాడు. "మీరేనా అన్నయ్యా ఈ మాట అంటోంది? సీలెంట్ బద్ధకస్తుల సరుకని, ఇక్కడే నిలబడి నా బేరాలన్నీ చెడగొట్టారు కదా!"

"మెరుపు తక్కువే, కాదనను. కానీ మాటిమాటికీ రాయక్కర్లేదు. నీళ్లు పోసి కడిగితే చాలు. ఎవరైనా చెయ్యొచ్చు."

ఎవరైనా అంటే నేనే. ఏడాదంటే ఆయన లేని ఏడాది. ఇంట్లో అంత జాగ్రత్తగా దాటేస్తూ వచ్చిన మాటను ఈ మనిషి రబ్బరు మ్యాట్ల మధ్య నిలబడి బేరమాడుతున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది.

"వ్యాక్సే ఇవ్వు" అన్నాను మరిదితో.

"దీని గురించి నీకేం తెలుసని?" అన్నారు ఆయన.

"ఇన్నేళ్లు మీ పురాణం విన్నాను, ఆ మాత్రం తెలీదా? వ్యాక్స్ నిగారింపు దేనికీ రాదని ఎవరన్నారు, నేనా?"

మరిది సీలెంట్ సీసా కూడా తీసి వ్యాక్స్ డబ్బా పక్కన పెట్టాడు. "గీతల మాటకొస్తే వదినా, గట్టిగా గీస్తే ఏదీ ఆపదు. సన్నవైతే పైపూతకు తగిలి పోతాయి. సీలెంట్ కాస్త గట్టిది. వ్యాక్స్ అయితే రెండు నెలలకే మళ్లీ రాయాలి..."

"రాస్తారు! రెండు నెలలకి ఆయనే మళ్లీ రాస్తారు!"

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. మరిది తల వంచుకుని బల్ల మీద లేని దుమ్ము తుడిచాడు. మా ఆయన నావైపు చాలాసేపు చూశారు. తర్వాత మెల్లగా, "సరే, వ్యాక్సే ఇవ్వు తమ్ముడూ" అన్నారు. గెలిచానని సంబరపడ్డాను, పిచ్చిదాన్ని.

ఆదివారం నేను కారు కడిగి తుడిచి పెడితే, ఆయన పీట వేసుకుని కూర్చున్నారు. ఎప్పుడూ ముందు వైపు నుంచి మొదలుపెట్టే మనిషి, ఆ రోజు నేను కూర్చునే వైపు తలుపు పట్టుకున్నారు. కొంచెం వ్యాక్స్ తీసి చిన్న చిన్న చుట్లుగా రాయడం, అది ఆరి తెల్లగా మసకబారాక మెత్తటి గుడ్డతో తుడవడం. చెయ్యి వణికి గుడ్డ రెండుసార్లు జారిపోయింది. ఇక చాలు ఆపండి అనబోయాను. ఏ మొహంతో అంటాను? పట్టుబట్టి వ్యాక్స్ కొనిపించింది నేనే కదా.

పొద్దెక్కేసరికి ఆ ఒక్క తలుపే అయింది. అద్దంలా ఉంది. ఆయన డబ్బా మూత పెట్టేసి, "మిగతాది వచ్చే ఆదివారం చేద్దాం" అన్నారు.

మా కాపురంలో ఏ పనీ ఆయన సగంలో ఆపగా చూడలేదు. నేను అడగకుండా అడిగింది, వచ్చే ఆదివారం ఉందన్న ఆ మాటే. ఆయన ఇచ్చేశారు. "అలాగే, తొందరేముంది" అన్నాను, లేవడానికి చెయ్యి అందిస్తూ.

వచ్చే ఆదివారానికి ఆయన ఆసుపత్రిలో ఉన్నారు. ఆ పై వారానికి లేరు.

పలకరించడానికి వచ్చిన చుట్టాలందరూ ఎవరి దారిన వాళ్లు వెళ్లాక, ఒక పొద్దున మరిది వచ్చాడు. చేతిలో ఒక సీసా, కొన్ని కొత్త గుడ్డలు.

"అన్నయ్య ఆసుపత్రి నుంచి ఫోన్ చేశారు వదినా. అన్నీ అయ్యాక వెళ్లి కారుకి సీలెంట్ వెయ్యమన్నారు."

అతను కారు చుట్టూ తిరిగి, ఒక్కో చోట కాసిని నీళ్లు చల్లి చూసి, నా వైపు తలుపు దగ్గర ఆగాడు.

"నీళ్లు చుక్కలుగా దొర్లుతున్నాయి, దీని మీద ఇంకా వ్యాక్స్ ఉంది. వ్యాక్స్ మీద సీలెంట్ పట్టదు. ముందు దీన్ని పూర్తిగా కడిగెయ్యాలి."

"ఆ తలుపు వదిలెయ్యి. మిగతాదంతా వెయ్యి" అన్నాను.

మరిది చేతిలో గుడ్డ మడత పెట్టాడు, విప్పాడు.

"ఈ మాట అంటారని అన్నయ్య ముందే చెప్పారు వదినా."

"ఏమని?"

"'ఆ తలుపు వదిలెయ్యమంటుంది, వినకు. వదిలేస్తే రోజూ దాని ముందు కూర్చుంటుంది. రెండు నెలలకి అది పోతుంది, అప్పుడు మళ్లీ కొత్తగా ఏడుస్తుంది. ఒకసారి ఏడిస్తే చాలు దానికి' అన్నారు."

నాకు పట్టరాని కోపం వచ్చింది. చచ్చిపోయి కూడా పెత్తనమే! ఏడవడానికి కూడా ఈయన పర్మిషన్ కావాలా నాకు? నిలబడి మనసులోనే నోటికొచ్చినట్టు తిట్టాను. ఎదురు చెప్పే మనిషి లేడు. కాసేపటికి తిట్లు అయిపోయాయి.

"బకెట్ ఇలా ఇవ్వు. నేనే కడుగుతాను."

మరిది ఘాటు షాంపూ కలిపి ఇచ్చాడు. స్పాంజితో రుద్దాను. నీళ్లు పోస్తే ముత్యాల్లా దొర్లిపోయాయి. గట్టిగా పట్టించారు ఆయన, మహానుభావుడు, అంత వణుకుతున్న చేత్తోనే. "ఇంకోసారి వదినా" అన్నాడు మరిది. మళ్లీ రుద్దాను. ఈసారి నీళ్లు దొర్లలేదు, తలుపు మీద పలచగా పరుచుకుని మెల్లగా కిందికి జారాయి.

"పోయిందా?" అని అడిగాను.

"పోయింది వదినా."

డాక్టరమ్మ ఆయన పోయారని చెప్పినప్పుడు కూడా నాకు కన్నీళ్లు రాలేదు. స్పాంజి పట్టుకుని అక్కడే కూలబడి ఏడ్చాను. మరిది సీసా మూత తియ్యకుండా, నా ఏడుపు అయ్యేదాకా అటు తిరిగి నిలబడ్డాడు.