పాల డెయిరీ కంప్యూటరు, అంజినప్ప మెయిను

బేతమంగళ చెరువు కింద ఉన్న ఆ చిన్న ఊరి పాల డెయిరీలో కంప్యూటరు ఆ పొద్దు కూడా మొండికేసింది. సవిత స్విచ్చి నొక్కింది. తెర నల్లగా వచ్చింది, మూలన నాలుగు తెల్లక్షరాలు కనబడ్డాయి, ఇక అంతే. లోపల ఏదో గరగరమంటోంది, ఆగుతోంది, మళ్ళీ గరగరమంటోంది. బయట వరసలో క్యాన్లు పెరుగుతున్నాయి. వరస ముందున్న తాయమ్మకు ఊరందరినీ ఆటపట్టించే హక్కు పుట్టుకతోనే వచ్చింది.

"ఏమ్మే సవితా, మా ఆవు ఇంగో ఈత ఈనేస్తాది, నీ మిషను లేచేలోపల!"

వరసంతా నవ్వింది. సవితకు నవ్వు రాలేదు. పాలు తూచి, ఫ్యాట్ చూసి, కంప్యూటరు నుంచి చీటీ వస్తేనే ఆ పాలు డెయిరీ పాలు. చేత్తో రాసిన లెక్క చెల్లదని పైనుంచి ఆర్డరు. మిషను లేచి సగం మందికి చీటీలు వచ్చేసరికి, వ్యాను హారను కొట్టి కొట్టి ఆ సగం పాలతోనే వెళ్ళిపోయింది. మిగిలిన సగం ఇంటికి మోసుకెళ్ళిన ఆడవాళ్ళు ఆ రోజంతా పెరుగు తోడేస్తూ సవితను తిట్టుకున్నారు.

సూపర్‌వైజర్ నయన వచ్చింది కూడా ఆ రోజే. చిన్నపిల్ల, మంచిదే, కానీ మాటలో మాత్రం మెత్తదనం లేదు.

"గురువారం పొద్దున నేనే వస్తానక్కా. ఆ పొద్దు కూడా వ్యాను ఇట్ల సగం ఖాళీగా పోతే ఈ సెంటరు మూసేస్తారు. అందరూ కట్ట అవతల పెద్ద డెయిరీకి పోసుకోవాల్సిందే. నా చేతిలో ఏమీ లేదు."

కట్ట అవతలికి అంటే చెరువు చుట్టి పోవాలి. కుర్రాళ్ళకు బండ్లున్నాయి. తాయమ్మకు లేదు. దాసప్పకు అసలే లేదు. ఆయనకు ఎడమ చెయ్యి ఒక్కటే. కుడి చెయ్యి మోచేతి దాకా బంగారు గనిలో పోయింది. ఊళ్ళోనే పాలు పోయడానికి ఒక చోటు కావాలని ఆడవాళ్ళందరినీ కూడగట్టి, ఆఫీసుల గుమ్మాలు అరిగేలా తిరిగి ఈ సెంటరు తెచ్చింది సవితే. దాన్ని ఒక డబ్బా మూయించేస్తుందంటే ఆమెకు ఒళ్ళు మండింది.

ఇంకా మండే సంగతి మరొకటుంది. కంప్యూటరు నెమ్మదిగా ఉందని రాబర్ట్‌సన్‌పేటలో కంప్యూటర్ల కొట్టు పెట్టుకున్న భరత్‌తో కిందటి నెలే దానికి వేగంగా నడిచే కొత్త డిస్కు, ఎస్‌ఎస్‌డి వేయించింది. పాత డిస్కులో పాత లెక్కలున్నాయని దాన్ని కూడా లోపలే ఉంచారు. కొట్టులో పెట్టి చూపించినప్పుడు కళ్ళు మూసి తెరిచేలోపు లేచింది. డెయిరీకి తెచ్చాక పొద్దున పూట పాత కథే. రమ్మంటే భరత్ మధ్యాహ్నం వచ్చాడు, ఏదో నీలం తెరలోకి వెళ్ళాడు, సర్దాడు, చక్కగా లేచింది. వెళ్తూ ఒక మాట అన్నాడు.

"కొత్త దాన్ని వదిలేసి పాత డిస్కుని ముందర పెట్టినారక్కా. ఎవురో ఏదో నొక్కినారు. తెలీకుండా నొక్కొద్దండి."

మర్నాడు పొద్దున మళ్ళీ మొండికేసింది. సవిత ఏమీ నొక్కలేదు. ఆ గదిలో ఆ మిషన్ని ముట్టుకునేది ఆమె ఒక్కతే, తాళంచెవి ఆమె దగ్గరే, రెండో తాళంచెవి వాళ్ళ నాయన అంజినప్ప దగ్గర. ఆయన కంప్యూటరంటే దండం పెట్టి దూరంగా నిలబడే రకం. మరి ఎవరు నొక్కుతారు? దయ్యమా? నొక్కని మీటకు మాట పడటం సవితకు చేతకాదు. గురువారం లోపల దీని సంగతి తేల్చాల్సిందేనని ఆమె గట్టిగా అనుకుంది. మంగళవారం పొద్దుటి పాలు కాగానే బస్సెక్కి భరత్ కొట్టుకు పోయి, బల్ల మీద కూర్చుంది.

"నేను చెప్తా, నువ్వు విను. నడాన మాట్లాడొద్దు. పొద్దున తలుపు తీసినప్పట్నించి నేనేం జేస్తానో అంతా చెప్తాను. యాడ తప్పుందో నువ్వు చెప్పు."

భరత్ చేతిలో ఉన్న స్క్రూడ్రైవరు పక్కన పెట్టాడు. అక్క ముఖం చూస్తే పెట్టక తప్పేట్టు లేదు.

"తలుపు తీస్తాను. గోడ మీది మెయిను స్విచ్చి ఎత్తుతాను. తూకాన్ని సున్నాకు తెస్తాను. ఫ్యాట్ మిషన్లో నీళ్ళు పోసి కడిగి దాన్నీ సున్నాకు తెస్తాను. కంప్యూటరు ఆన్ చేస్తాను, అది సచ్చీ చెడీ లేస్తాది. తేదీ సరి చేస్తాను. అప్పుడు మొదటి క్యాను..."

"ఆగక్కా. తేదీ సరి చేసేది ఏంటికి?"

"పొద్దున లేస్తానే యా కాలందో పాత తేదీ చూపిస్తాది కదా. దాన్ని ఈ పొద్దుకు తెస్తాను."

"దినామూనా?"

"దినామూ. మిషన్ అన్నాక పొద్దున సున్నాకు తేవద్దా మళ్ళ?"

భరత్‌కు అప్పుడు తెలిసింది. ఆమెది పాల డెయిరీ బుద్ధి. అక్కడ ఏ మిషన్‌నీ నిన్నటి లెక్కతో నమ్మరు. తూకం కానీ, ఫ్యాట్ మిషన్ కానీ, పొద్దున్నే కడిగి, సున్నా చేసి, ఆ తర్వాతే పాలు. కంప్యూటరుకు తేదీ సరిచేయడమూ ఆ కడుగుడులో భాగమే అనుకుంది. ముఖం కడుక్కున్న సంగతి ఎవరైనా డాక్టరుకు చెప్తారా? అందుకే ఆమె చెప్పలేదు. మధ్యాహ్నం వచ్చే భరత్‌కు ఎప్పుడూ సరైన తేదీయే కనబడింది, అందుకే అతనూ అడగలేదు.

"ఆ మాట ముందే చెప్పింటే నేను మిమ్మల్ని అట్ల అనింటానా అక్కా? తప్పు నాదే. లోపల రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఒకటి ఉంటాది. కరెంటు లేనప్పుడు మిషనుకు తేదీ, ఏ డిస్కు ముందు చూడాలి అనేది అదే జ్ఞాపకం పెడతాది. అది సచ్చిపోయింది. రాత్రి కరెంటు పూర్తిగా ఆగిపోతే అన్నీ మరిచిపోతాది. పొద్దున లేచి, పాత డిస్కు తలుపు తట్టి, అది పలికేదాకా కూర్చుంటాది. ఆ డిస్కేమో ముసలిది. దాన్తో విసిగిపోయి అప్పుడొస్తాది కొత్త దాని దగ్గరికి."

"మా ఊళ్ళో కరెంటు పోయినా యూపీఎస్ ఉండాది కదప్పా?"

"కొంచెం సేపు పోతే అది కాపాడుతాది. రాత్రంతా మెయిను దించేస్తే అది మాత్రం ఏం జేస్తాది? మీరు మెయిను దించుతారా?"

సవితకు సాయంత్రం తాళం వేసే నాయన గుర్తొచ్చాడు. దించేది ఆమె కాదు.

భరత్ ఫోనులో నీలం తెర బొమ్మలు చూపించి, డిస్కుల వరస ఎలా మార్చాలో నేర్పాడు. బ్యాటరీ వేయడానికి శనివారం తానే వస్తాననీ, అంతవరకు మెయిను దించకుండా ఉంటే చాలుననీ చెప్పాడు.

అంజినప్పది గని బతుకు. ఆంధ్రలో పల్లె వదిలి బంగారు గనిలో కూలికి వచ్చినవాడి కొడుకు. ఊరిగాం గని కార్మికుల లైను ఇళ్ళలో పుట్టి, భూమి అడుగున చెమటోడ్చి, గని మూతబడ్డాక రెండావులతో ఈ ఊరు చేరాడు. సాయంత్రం పాలు అయిపోయాక డెయిరీకి వచ్చి, గది నలుమూలలా ఒకసారి చూసి, "కింద ఎవురూ లేరు" అని గట్టిగా అని, గోడకున్న మెయిను దించి తాళం వేస్తాడు. ఆ గదికి కింద నేల తప్ప ఏమీ లేదు. చాంపియన్ రీఫ్స్ వైపు గనిలో పనిచేసినవాళ్ళు షిఫ్టు ముగించి పైకొచ్చేటప్పుడు అలాగే అనేవారట. సవితకు చిన్నప్పటి నుంచి ఆ మాట అలవాటు. దాని గురించి ఎప్పుడూ ఆలోచించలేదు.

ఆ సాయంత్రం నీలం తెరలో వరస సరిచేసి, నాయనకు చెప్పింది. "ఈ రాత్రి మెయిను దించొద్దు నాయనా. శనివారం దాకా అంతే." అంజినప్ప మెయిను వంక చూశాడు, కూతురు వంక చూశాడు, తల ఊపాడు.

బుధవారం పొద్దున సవిత ధీమాగా వచ్చి తలుపు తీసింది. గది చీకటిగా ఉంది. యూపీఎస్ దీపం కూడా లేదు. మెయిను కిందికి దిగి ఉంది. ఎత్తి, కంప్యూటరు స్విచ్చి నొక్కితే అదే నల్ల తెర, అదే గరగర. అప్పుడే క్యాను పట్టుకుని అంజినప్ప గుమ్మంలోకి వచ్చాడు.

"దించితివా నాయనా?"

"దించినానమ్మా."

"నేను తెలుగులోనే కదా చెప్పినాను! చెప్పినాక కూడా దించితే ఇంగేమనాల? రేపు ఆ మేడం వచ్చి సెంటరుకు తాళం వేస్తే నీకు సంతోషమా?"

వరసంతా వింటుండగా అరిచింది. అంజినప్ప క్యాను అక్కడే పెట్టి, తల వంచుకుని ఇంటి దారి పట్టాడు. తాయమ్మ కూడా నోరు మూసుకుంది, అంతకంటే పెద్ద విషయం ఆ ఊళ్ళో ఉండదు.

వరసలోంచి దాసప్ప ముందుకొచ్చాడు. ఎడమ చేత్తో క్యాను నేల మీద పెట్టాడు.

"మీ నాయన్ను అనొద్దమ్మా. నా కోసరం దించినాడు."

"నీ కోసరమా?"

"ఈ చెయ్యి గనిలో పోయిందని తెలుసు గదా నీకు. ఎట్ల పోయిందో ఎవురూ చెప్పినట్టు లేదు. రేపు పొద్దున మళ్ళా కావాల్సిందే గదా, ఒక్క రాత్రి ఉండనీ అని ఎవురో మెయిను దించకుండా పైకొచ్చేసినారు. కింద నేనుండాను, పంపు దగ్గిర. తడి కేబులు పట్టుకున్నాను. నన్ను భుజాన వేసుకుని పైకి తెచ్చింది మీ నాయన. ఆ పొద్దు నించి ఎవురు చెప్పినా ఇనడు. యాడ మెయిను కనిపించినా దించకుండా ఇంటికి పోలేడు. రాత్రి నిద్ర పట్టక లేచి వచ్చింటాడు, అంతే."

సవితకు ఏడుపు వచ్చింది. కళ్ళు తుడుచుకోలేదు కూడా. వ్యాను ఆ పొద్దు కూడా సగం ఖాళీగా వెళ్ళింది. ఆ సగం చూస్తూ ఆమె ఒక నిర్ణయానికి వచ్చింది. నాయన మెయిను దించాలి, తన మిషనూ లేవాలి. రెండింటిలో ఏదో ఒకటి ఎంచుకోమంటే ఆమె వినదలచుకోలేదు.

మధ్యాహ్నం బస్సులో మళ్ళీ రాబర్ట్‌సన్‌పేటలో దిగింది.

"ఆ బ్యాటరీ బిళ్ళ నాకియ్యి."

"శనివారం నేనే వచ్చి..."

"శనివారానికి సెంటరే ఉండదప్పా. ఇయ్యి. నేనే వేస్తాను."

"అక్కా, డబ్బా తెరవాల. ఏదన్నా ఊడిపోతే?"

"ఆవు కడుపులో దూడ అడ్డం తిరిగితే చెయ్యి పెట్టి తిప్పినదాన్ని. నీ డబ్బా అంతకంటే సున్నితమా? ఫోనులో చూపిస్తా ఉండు, చూసి చెప్తా ఉండు."

సాయంత్రం పాలు కాగానే కంప్యూటరు బల్ల మీద పక్కకు పడుకోబెట్టింది. ఫోను పాల క్యానుకు ఆనించింది. అందులోంచి భరత్, "ముందు మెయిను దించక్కా" అన్నాడు. ఆ మాట విని సవిత ఒక్కసారి ఆగిపోయింది. తర్వాత వెళ్ళి దించి, యూపీఎస్ కూడా ఆపింది. ఫోను వెలుగులో డబ్బా పక్క రేకు ఊడదీసింది. లోపల బోలెడంత దుమ్ము. కొసన తళతళమంటూ బిళ్ళ. గోటితో పక్కకు నొక్కితే ఎగిరి నేల మీద పడింది. కొత్తది పెట్టడానికి రెండుసార్లు చెయ్యి జారింది, మూడోసారి టక్కున కూర్చుంది. రేకు బిగించి, మెయిను ఎత్తి, నీలం తెరలోకి పోయి, తేదీ పెట్టి, కొత్త డిస్కును వరసలో ముందుకు తెచ్చింది. ఆ మార్పులు దాచుకోమని మీట నొక్కింది. మిషను కళ్ళు మూసి తెరిచేలోపు లేచింది.

"అయిపోయిందక్కా! అయినా ఈ ఒక్క రాత్రికి మెయిను దించకుండా ఉండండి, రేపు మేడం వస్తాది గదా, ఎందుకు రిస్కు" అన్నాడు భరత్.

సవిత ఫోను పెట్టేసి ఇంటికి వెళ్ళింది. అంజినప్ప కొట్టంలో ఆవుకు గడ్డి వేస్తున్నాడు, వేసిన గడ్డే మళ్ళీ సర్దుతున్నాడు.

"రా నాయనా. డెయిరీకి తాళం వేసేది ఉండాది."

"నువ్వే వేసిరామ్మా. రేపు ఆ మేడం వస్తాది. నేను దించను, ఒట్టు. ఆ పక్కకే రాను."

"నువ్వు రాకుంటే నేను తాళం వెయ్యను."

ఇద్దరూ డెయిరీకి నడిచారు. అంజినప్ప గది నలుమూలలా చూశాడు. బల్ల కిందకు కూడా వంగి చూశాడు. తర్వాత మెయిను ముందు నిలబడ్డాడు, చెయ్యి మాత్రం ఎత్తలేదు.

"ఒక్క రాత్రి ఉండనీ లేమ్మా" అన్నాడు మెల్లగా. అది పొద్దున దాసప్ప చెప్పిన మాటే.

"ఉండనీయొద్దు నాయనా. దించు."

"నీ మిషను?"

"దాని సంగతి నేను చూసుకున్నాను. నన్ను మన్నించు, పొద్నే అందర్లో అరిచినాను. దించు."

అంజినప్ప ముక్కు చీదుకున్నాడు. "కింద ఎవురూ లేరు" అన్నాడు. మెయిను దించాడు.

గురువారం సవిత తలుపు తీయకముందే నయన వచ్చి గుమ్మం పక్కన నిలబడింది. సవిత తలుపు తీసింది, మెయిను ఎత్తింది, తూకం సున్నాకు తెచ్చింది, ఫ్యాట్ మిషను కడిగింది. చేతులు పైటకు తుడుచుకుని కంప్యూటరు స్విచ్చి నొక్కింది. గరగర వినబడలేదు. తెర వెలిగింది, తేదీ కనబడింది. అలవాటు కొద్దీ దాన్ని సరిచేయడానికి చెయ్యి ముందుకు పోయి, ఆగింది. సరిచేయడానికి ఏమీ లేదు. గురువారం గురువారంగానే ఉంది.

"ఏమ్మే, అప్పుడే లేచిందా? మా ఆవుకు పాలు పిండేది ఇంగా అయిపోలేదే, సగంలోనే వచ్చేస్తిని!" అంది తాయమ్మ. అబద్ధం, క్యాను నిండుగానే ఉంది.

ఈసారి సవిత కూడా నవ్వింది. తాయమ్మే పక్కకు జరిగి దాసప్పను ముందుకు పంపింది. మొదటి చీటీ ఆయనదే. ఆఖరి క్యాను కూడా ఎక్కించుకుని వ్యాను కదిలే దాకా నయన అక్కడే నిలబడి చూసింది. "సరే అక్కా, సెంటరు ఉంటుంది" అని బండెక్కింది.

అంజినప్ప అంతసేపూ రోడ్డు అవతలే నిలబడి ఉన్నాడు. దాసప్ప రోడ్డు దాటి వెళ్ళి చీటీ ఆయన ముఖం ముందు పెట్టాడు.

"సూడు. ఈ పొద్దు తేదీనే ఉండాది."

అంజినప్ప చీటీ చదివాడు. తలెత్తి, గుమ్మంలో నిలబడ్డ కూతుర్ని కేకేసి అడిగాడు.

"సాయంత్రం దించేదామ్మా?"

"దినామూ దించు నాయనా" అంది సవిత.