డాన్సు ఉన్న ఓడ

ముసలివాళ్లకి ఓడ ప్రయాణం ఎంచిపెట్టడం చాలా తేలికని మా ఊరి ట్రావెల్ ఏజెంటు జోలీన్ నమ్మకం. ఆమెకి ఇంకా నలభై దాటలేదు, మోకాళ్లు రెండూ పుట్టినప్పటివే. ఆమె బల్ల మీద పరిచిన రంగుల పుస్తకాల నిండా నెరిసిన జుట్టు జంటలు తెల్లటి పళ్లతో నవ్వుతున్నాయి. ఒక్కరి చేతిలోనూ ఊతకర్ర లేదు. మా ఊరు షెబాయ్‌గన్‌లో అలాంటి ముసలివాళ్లు నాకెప్పుడూ కనపడలేదు. అందరూ ఓడల్లోనే కాపురం పెట్టారేమో.

నా భార్య ఆర్లిస్, నేను ఆ ఆఫీసు చుట్టూ నెల రోజులుగా తిరుగుతున్నాం. మొదటి ఓడలో నీటి జారుడుబల్లలున్నాయి. నా తుంటి ఎముక మార్చిన డాక్టరు వింటే సంతోషిస్తాడు, మళ్లీ బేరం తగులుతుంది కదా అన్నాను. తర్వాత జోలీన్ అలాస్కా అంది. ఫిబ్రవరిలో మా వాకిట్లో ఊరికే పడే మంచుని డబ్బిచ్చి చూడాలా అన్నాను. ఇంకో ఓడలో రోజూ పొద్దున్నే ఆరోగ్యం మీద ఉపన్యాసం ఉందట. అది నాకు కాఫీతో పాటు ఇంట్లోనే దొరుకుతోందని చెప్పాను. ఏ ఓడ చూపించినా ఆర్లిస్ మాత్రం ఒక్కటే అడిగేది, డాన్సు ఉందా అని.

అడగదూ మరి. పెళ్లయిన నాటి నుంచీ శుక్రవారం సాయంత్రం చేపల వేపుడు తిని, ఊరి హాల్లో పోల్కా డాన్సు చేయకుండా మేం ఇంటికి వెళ్లింది లేదు. నా ఆపరేషన్ అయ్యాక ఆమె నా పక్కనే కూర్చుని బల్ల కింద కాలితో తాళం వేస్తోంది. మా ఊళ్లో ఒకడి భార్య ఇంకొకడితో పోల్కా చేస్తే ఆ కబురు ఆమె కన్నా ముందు ఇల్లు చేరుతుంది. ఈమధ్య ఆర్లిస్ ఎడమ మోకాలు కూడా మూలగడం మొదలుపెట్టింది. ఇప్పుడు ఆడకపోతే ఇక ఎప్పటికీ ఆడలేదని మా ఇద్దరికీ తెలుసు.

చివరికి జోలీన్ ఒక చిన్న ఓడ చూపించింది. సాయంత్రం బ్యాండు, చెక్క నేల, పైగా ఆడవాళ్లకి జతగా డాన్సు చేయడానికి కంపెనీవాళ్లు పెట్టుకున్న పెద్దమనుషులు. అందరూ రిటైరైనవాళ్లేనట, తెల్లకోట్లు వేసుకుంటారట. ఎవరితోనూ వరసగా రెండు పాటలు ఆడకూడదట. ఇలాంటి ఉద్యోగం ఉందని తెలిస్తే నేను కొళాయిలు బాగుచేస్తూ బతికేవాణ్ణి కాదన్నాను. ఎవరూ నవ్వలేదు. ఆర్లిస్ ఆ పేజీ మీంచి చెయ్యి తియ్యలేదు.

అప్పుడు జోలీన్ నసిగింది. వాళ్లు ఒంటరిగా వచ్చిన ఆడవాళ్లతోనే ఆడతారట, మొగుడితో వచ్చినవాళ్లని పిలవకూడదట. నాకు లోలోపల హాయిగా అనిపించింది. ఆ తెల్లకోట్లని చూసిన దగ్గర్నుంచీ ఒళ్లు మండుతూనే ఉంది. అయ్యో పాపం అని, అలాస్కా ఇంకా ఖాళీగా ఉందా అని అడిగాను.

"ఇతన్ని మా అన్నయ్య అని రాయి," అంది ఆర్లిస్.

జోలీన్ కలం ఆగిపోయింది. "మీ ఇద్దర్నీ చూస్తే వాళ్లకి తెలిసిపోదూ, ఆర్లిస్ గారూ?"

"ఎలా తెలుస్తుంది? ఆపరేషన్ అయినప్పటి నుంచి నావైపు మొగుడిలా చూశాడా ఎప్పుడైనా? పేపరు చూస్తాడు, టీవీలో వాతావరణం చూస్తాడు. అన్నయ్య కాదని ఎవరూ అనరులే."

కోపంగా అని ఉంటే ఎదురు చెప్పేవాణ్ణి. కూరల ధర చెప్పినట్టు అంది. ఆమెవైపు చూస్తే బల్ల కింద తాళం వేసే ఆ కాలే కనపడుతోందని, సిగ్గుతో చూపు తిప్పుకుంటున్నానని అప్పుడైనా చెప్పాల్సింది. అలాస్కా పుస్తకం మూసి పక్కన పెట్టాను.

"రాయమ్మా, అన్నయ్యనే," అన్నాను. "నన్ను మాత్రం డాన్సు గదిలో దూరంగా, ఏదో ఒక మూల కూర్చోబెట్టమను. దగ్గరగా ఉంటే మొగుడి చూపు చూసి పట్టుబడిపోతాను."