ఒక అక్షరం తక్కువ

నేను ఒక రేకు బోర్డును. పుట్టింది మస్తానయ్య పెయింటర్ షెడ్డులో. ‘లింగ వైవిధ్య సహాయ కేంద్రం’ అని రాయమని కాలేజీవాళ్ళు చీటీ ఇచ్చారు. ముప్పై ఏళ్ళుగా ఆస్పత్రులకు బోర్డులు రాసిన చెయ్యి అది. చీటీని సరిగా చూడకుండా అలవాటైన దారిన పోయింది. నేను ‘లింగ వైద్య సహాయ కేంద్రం’ అయ్యాను.

హాస్టళ్ళ వెనక, ఒకప్పుడు ఆటసామాన్లు పెట్టిన గదికి నన్ను తగిలించారు. కేంద్రాన్ని చూసుకునే సుగుణమణి మేడమ్ నన్ను చూసి తల పట్టుకుంది. మార్చమని కాగితం పెట్టింది.

“ఒక్క అక్షరమేగా మేడమ్, పిల్లలే సర్దుకుని చదువుకుంటార్లెండి,” అన్నాడు సూపరింటెండెంటు.

పరీక్షలో అక్షరం తప్పితే మనుషులు మార్కులు కోస్తారు. బోర్డు మీద తప్పితే ఫైలు నడుపుతారు. నా ఫైలు పద్నాలుగు నెలలు నడిచింది.

ఆ గదికి వచ్చేవాళ్ళలో రత్న ఒకతె. హాజరు పట్టీలో రాజారత్నం, బీఎస్సీ రెండో ఏడు. బయట మగపిల్లాడిలా బిర్రబిగుసుకుని నడిచి వచ్చి, గడప దాటగానే భుజాలు వదిలేసేది. తోటివాళ్ళు నన్ను చూపించి, “ఏమే రత్నా, ఈ పూట మందు వేసుకున్నావా?” అని ఏడిపిస్తే, “ముందు నీ నోటికి కుట్లెయ్యాలే,” అనేది.

ఒకరోజు వాళ్ళమ్మ కోటేశ్వరమ్మ పచ్చడి సీసా పట్టుకుని చెప్పకుండా వచ్చింది. కొడుకు ఆ గదిలోంచి బయటికి రావడం చూసింది. తలెత్తి నన్ను కూడబలుక్కుని చదివింది. పిల్లాడి నడక గురించి ఊళ్ళో వాళ్ళన్న మాటలన్నీ పడ్డ మనిషి. ఆ మొహం ఒక్కసారిగా విప్పారింది.

“వైద్యం చేయించుకుంటన్నావంట్రా? ముందే చెప్తే నీ సొమ్మేం పోయిందిరా నాయనా!”

రత్న నోరు తెరిచింది. అమ్మ మొహం చూసి, “ఊఁ” అంది.

ఆ ‘ఊఁ’తో ఏడాది గడిచింది. చదువు మాన్పించి మేనమామ కూతురితో పెళ్ళి చేసేస్తానన్న తండ్రిని, వైద్యం జరుగుతోంది, ఆగమని కోటేశ్వరమ్మే ఆపుతూ వచ్చింది. నేను చెప్పిన అబద్ధం ఒక పిల్లను చదివించింది.

చివరికి కొత్త బోర్డు వచ్చింది. నన్ను విప్పి గోడకు ఆనించారు. స్టోరుకు మొయ్యడానికి అటెండరు బద్ధకించిన ఆ మూడు రోజుల్లోనే కోటేశ్వరమ్మ మళ్ళీ వచ్చింది. ఆఖరి పరీక్షలు ఇంకా నెల్లాళ్ళున్నాయి.

“ఇది తీసేశారేంటి మేడంగారూ? మావాడికి నయమైపోయినట్టేనా?”

సుగుణమణి రత్న వైపు చూసింది. జవాబు రత్నే చెప్పింది.

“నాకు రోగం లేదమ్మా. నేనింతే. ఇక్కడ వైద్యం చెయ్యరు.”

“మరి ఇన్నాళ్ళూ ఇక్కడేం చేశావురా?”

“కూర్చున్నానమ్మా.”

“కూర్చోడమేంట్రా?”

“అంతే. ఊరికే కూర్చున్నాను.”

కోటేశ్వరమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

“పరీక్షలైనా రాయనివ్వండమ్మా,” అంది మేడమ్.

“ఏం చెప్పి రాయనివ్వమంటారు? వాళ్ళ నాన్నకి చెప్పడానికి నా దగ్గరింకేం మాట మిగిలింది?” అని, కొడుకు చెయ్యి పట్టుకుంది. “పెట్టె సర్దుకో, పద.”

పరీక్షలు మొదలయ్యాయి. రత్న రాలేదు. ఆ వారంలో సుగుణమణి రెండుసార్లు స్టోరు తాళం తీయించి నా ముందు నిలబడింది. రెండోసారి నన్ను రెండు చేతులా పైకెత్తింది కూడా. మళ్ళీ అక్కడే దించి, చేతులకంటిన దుమ్ము దులుపుకోకుండానే తలుపు వేసి వెళ్ళిపోయింది.