బొల్లికి చెప్పే మాటలు

మా బర్రె బొల్లి నా గొంతు వింటే తప్ప చేపేది కాదు. దూడను విడిచినా అంతే, పొదుగు మీద గోరువెచ్చని నీళ్ళు చల్లినా అంతే. నేను చెంబు పట్టుకుని పక్కన కూర్చుని, "ఏడ మేసినవే ఇయ్యాల? వాగు దాటినవా? ఎవని చేన్ల పడ్డవ్? కొట్టిండ్రా?" అని మెల్లగా అడుగుతుంటే అప్పుడు చన్నులు బిగిసి పాలు దిగేవి.

నా భార్య సవరమ్మ చాటలో బియ్యం చెరుగుతూ వినేది.

"ఇంట్ల లేని నోరు కొట్టంలకు పోంగనే వస్తది ఈయనకు. ఓ బొల్లీ, నన్ను గూడ ఏడ మేసినవని అడగమని చెప్పవే మీ అంతోనయ్యకు."

నేను నవ్వి ఊరుకునేవాణ్ణి. నాకు మాటలు తక్కువ. మా ఊరు ఏన్కూరు దాటి అడవిలోకి పోయే దారిలో ఉంటుంది. అక్కడ మాట్లాడకపోయినా రోజు గడుస్తుంది. చర్చిలో జపమాల చెప్పేటప్పుడు కూడా నా పెదవులే కదిలేవి.

ఆ ఏడు వానాకాలంలో గొంతు బొంగురుపోయింది. చుట్ట మానేశాను. మిరియాల కషాయం తాగాను. దసరా దాటినా తగ్గలేదు. బొల్లి మాత్రం ఆ బొంగురు గొంతుకే చేపేది.

సవరమ్మ తమ్ముడు క్రిస్టోఫర్ బస్సు కండక్టరు. వాడే నన్ను ఖమ్మంలో చెవి, ముక్కు, గొంతు డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. చిన్న గది. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి గొంతులో చేదు మందు కొట్టారు. నాలుక మొద్దుబారాక ముక్కులోంచి సన్నటి నల్ల గొట్టం దించి "'ఈ' అనండి" అన్నారు. పక్కన టీవీలో నా గొంతు నాకే కనిపించింది. చేప మొప్పల్లా ఎర్రగా, తడిగా ఉంది. ఒక పక్కన పత్తి పింజె అంటుకున్నట్టు తెల్లగా ఏదో ఉంది. దాంట్లోంచి ముక్క తీసి పరీక్షకు పంపారు. ఫలితం వచ్చాక హైదరాబాదు పొమ్మన్నారు.

ఏ జబ్బో నాకు ఎవరూ చెప్పలేదు. ఆ పెద్ద దవాఖానాకు ఏ జబ్బు వాళ్ళు వస్తారో బల్ల మీద కూర్చున్న మనుషుల్ని చూస్తే తెలిసిపోయింది. చావుకు నేను అంతగా భయపడలేదు. డాక్టరు సవరమ్మను, క్రిస్టోఫర్‌ను లోపలికి పిలిచాడు. నేను బయట కూర్చున్నాను. వాళ్ళు వచ్చేసరికి సవరమ్మ కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"గడ్డ తీస్తరంట బావా," అన్నాడు క్రిస్టోఫర్. "తెల్లకార్డు మీద ఫ్రీ. తీసినంక గొంతు మెల్లగ అదే వస్తది."

సవరమ్మ వైపు చూశాను. ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంటూ అవ్ అన్నట్టు తలాడించింది.

ఆపరేషన్ నాటి పొద్దున డాక్టరు మంచం దగ్గరికి వచ్చి, "మీవాళ్ళు అన్నీ చెప్పారు కదా?" అన్నాడు. చెప్పారన్నట్టు తలూపి, చూపించిన చోట సంతకం పెట్టాను.

మెలకువ వచ్చేసరికి మెడ కింద రంధ్రం ఉంది. గాలి అందులోంచే వస్తోంది, అందులోంచే పోతోంది. ముక్కులో అన్నం గొట్టం. సవరమ్మా అని పిలవబోయాను. నోరు తెరుచుకుంది, అంతే. ఇంకా వాపు ఉందేమో అనుకున్నాను.

గొంతు లేని మనిషికి చెవులు కూడా లేవనుకుంటారు జనం. నర్సమ్మ నా దగ్గరికి వచ్చి అరిచి మాట్లాడేది. పక్క మంచం దగ్గరి సమ్మయ్య తన తండ్రికి తోడు వచ్చాడు. ఒకనాడు నా ముందే, నా మీదుగా క్రిస్టోఫర్‌ను అడిగాడు.

"మా నాయినకు గూడ గొంతులనే గద. గడ్డ మాడిపోవాలని మిషిన్ కింద పండబెట్టి కరెంటు పెడుతున్నరు. మీ బావకెందుకు కోసిండ్రే?"

"మాకు గూడ చెప్పిండ్రు. కరెంటు పెడితే గొంతు నిలుస్తదేమో, కోస్తే ఇంక రాదు, ఆయన్నే అడిగి చెప్పుండ్రి అన్నడు డాక్టరు. కరెంటంటే రోజు పెట్టాలె, రెండు నెలలు ఈడనే ఉండాలె. పత్తి ఏరే టైము. ఎవరుంటరు? బావే కొయ్యమంటున్నడని డాక్టరుకు మేమే చెప్పినం."

"ఆయన్ని అడగలే?"

"మా బావ అసలు మాట్లాడితే గద. ఆయన గొంతు పోయిందని మేం చెప్పాలె, లేకుంటే ఊళ్ళె ఎవ్వలికి ఎరుకనే గాదు."

సమ్మయ్య నవ్వాడు. నన్ను చూసి నవ్వు ఆపాడు.

సవరమ్మ గంజి తెచ్చి గొట్టంలో పోస్తుంటే, రాసి చూపించమని నర్సమ్మ ఇచ్చిన పలక తీసి రాశాను: "నన్ను అడిగినారా?"

ఆమె కూడబలుక్కుని చదివింది. తమ్ముడి వైపు చూసింది. గంజి పోయడం ఆపలేదు.

"నువ్వు బతకాలె అనుకున్న," అంది. గిన్నె కింద పెట్టి మళ్ళీ అంది. "పెండ్లైనకాంచి నాతోటి ఏం మాట్లాడినవయ్యా నువ్వు? ఉన్నా నా దాంక రాని గొంతే గదా అనుకున్న."

పలక తుడిచేశాను. మళ్ళీ ఏమీ రాయలేదు.

ఇంటికి వచ్చేసరికి పత్తి ఏరడం అయిపోయింది. మేం లేనన్నాళ్ళూ బొల్లిని చూసుకున్న తండా హేమ్లి గడప దగ్గరే నిలబడి నా చెవిలో అరిచింది.

"అన్నా, నీ బర్రె నన్ను తన్నింది! పాలన్ని దూడకే ఇడిసిన!"

సాయంత్రం చెంబు పట్టుకుని కొట్టంలోకి పోయాను. బొల్లి తల తిప్పి నన్ను చూసి చెవులు ఆడించింది. దాని వాసన నాకు తెలియలేదు. ముక్కులోంచి గాలి పోకపోతే వాసన కూడా పోతుందని ఎవరూ చెప్పలేదు. పొదుగు కడిగి కూర్చున్నాను. ఏడ మేసినవే అన్నాను. పెదవులు అన్నాయి. మెడ దగ్గర కట్టిన గుడ్డ లేచి పడింది. బొల్లి ఆ బుస్సుమనే చప్పుడు విని కాలు వెనక్కి తీసుకుంది. నుదురు దాని డొక్కకు ఆనించి చాలాసేపు ఉన్నాను. చన్నులు మెత్తగానే ఉన్నాయి.

వెనకనుంచి సవరమ్మ వచ్చింది.

"ఏడ మేసినవే ఇయ్యాల?" అంది మెల్లగా. "వాగు దాటినవా? ఎవని చేన్ల పడ్డవ్? కొట్టిండ్రా?"

ఒక్క మాట తప్పలేదు. దాటినవా అన్నాక నేను ఆగే చోట ఆమె కూడా ఆగింది. చాట పట్టుకుని ఇన్నేళ్ళూ విన్నది మరి. బొల్లి చెవులు అటు తిరిగాయి. నా చేతి కింద చన్నులు బిగిశాయి.

"సూడు, చేపింది," అంది సవరమ్మ. ఆమె మొహం వెలిగింది. "పిండు, జల్దీ."

చెంబు ఆమె చేతికిచ్చి లేచాను. వాకిట్లోకి వచ్చినా ఆమె గొంతు, ధార పడే చప్పుడు వినిపిస్తూనే ఉన్నాయి.

నురగ పొంగుతున్న చెంబుతో ఆమె బయటికి వచ్చింది. చూరులోంచి పలక తీసి, బలపంతో పాటు నా ముందు పెట్టింది.

"తిట్టు. ఏదన్న రాయయ్యా."

చెంబు మీద మూత పెట్టి, దూడను కట్టెయ్యడానికి పోయాను.