దయచేసి చప్పట్లు కొట్టకండి

కొత్త చొక్కా మెడ వెనక కుట్టిన కంపెనీ గుడ్డముక్కను ఊడదీయడం చూసినంత తేలిక కాదు. కత్తెరతో కత్తిరిస్తే మొదలు మిగిలిపోయి ముల్లులా గుచ్చుకుంటుంది. బ్లేడుతో ఒక్కో కుట్టూ తెంపి, దారప్పోగులన్నీ వేలికొసతో ఏరి, ఆఖరున ఆ చోటును తన చెంపకు రాసుకుని చూడాలి. చెంపకు ఏమీ తగలకపోతేనే కూతురి మెడకు తగలదు. ఇంట్లోకి వచ్చిన ప్రతి కొత్త బట్టకూ ఆమె ఇరవై ఏళ్లకు పైగా ఈ పని చేస్తూనే ఉంది. "రోజంతా ఇంట్లో ఉండి ఏం చేస్తుంటావు?" అని భర్త అడిగినప్పుడల్లా ఈ పని చెప్పాలనిపించేది. చెబితే ఏమంటాడో కూడా తెలుసు. "అదీ ఒక పనేనా?" అంటాడు.

ఇవాళ బ్లేడు రెండుసార్లు వేలు కోసింది. మధ్యాహ్నం మూడింటికి కూతురి కార్యక్రమం ఉంది. కూతురు చేసే ముఖాముఖీల్లో అది యాభైయవది. ఇవాళ్టి అతిథి తల్లి, అంటే తనే.

ముందు గదిలో భర్త ఫోనులో ఎవరికో చెబుతున్నాడు. "మా అమ్మాయి ప్రోగ్రామండీ, తప్పకుండా రావాలి." ఆమెకు నవ్వొచ్చింది. పదిహేనేళ్లపాటు ఆ పిల్ల 'నీ కూతురు'. "నీ కూతురు మళ్లీ గ్లాసు పగలగొట్టింది." "నీ కూతురు అరుస్తోంది, ఆ తలుపేసుకో." పేపర్లో ఫొటో పడిన రోజు నుంచి 'మా అమ్మాయి' అయింది. అత్తగారిదీ అదే దారి. "మా వైపు ఇలాంటివాళ్లు ఎవరూ లేరమ్మా" అని వచ్చినవాళ్లందరికీ చెప్పిన మనిషి, ఇప్పుడు పక్కింటావిడతో "ఆ తెలివంతా మా వైపుదే" అంటోంది.

కూతురు నోటితో మాట్లాడదు. ఒళ్లో టాబ్లెట్ పెట్టుకుని కుడిచేతి చూపుడువేలితో ఒక్కో అక్షరం నొక్కుతుంది. వాక్యం పూర్తయ్యాక యంత్రం దాన్ని చదువుతుంది. ఒక ప్రశ్నకు నిమిషం పడుతుంది, ఒక్కోసారి మూడు. అంతసేపూ ముందుకీ వెనక్కీ ఊగుతుంది, ఎడమచేతి వేళ్లు గాలిలో ఆడుతుంటాయి. మొదట్లో వీడియో ఎడిటరు ఆ నిమిషాలన్నీ కత్తిరించి పారేసేవాడు. తర్వాత తెలిసింది, అసలు సంగతులన్నీ ఆ నిమిషాల్లోనే బయటికొస్తున్నాయని. కూతురు తలవంచుకుని అక్షరాలు వెతుక్కుంటుంటే ఎదుటి మనిషి ఊరుకోలేడు. అడగనివన్నీ చెప్పేస్తాడు. పాతికేళ్లు ఒకే మేడలో లిఫ్టు నడిపినాయన, అన్నాళ్లలో తన పేరు అడిగినవాళ్లు ఇద్దరే అని చెప్పి వెక్కివెక్కి ఏడ్చాడు. కార్యక్రమం అయ్యాక ముక్కు తుడుచుకుంటూ, "గోడకు చెప్పుకున్నట్టు చెప్పేశానమ్మా" అన్నాడు ఆమెతో. గోడకు చెప్పుకోవడమంటే ఏమిటో ఆమెకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు?

చూడవచ్చినవాళ్ల ప్రేమ కూడా చిత్రంగానే ఉంటుంది. ఇరవై నాలుగేళ్ల మనిషిని "పాప ఎంత ముద్దుగా ఉందో" అంటారు. అడక్కుండా తల నిమురుతారు. కూతురు ఎదురుగా నిలబడి ఉండగానే, "తన అన్నం తనే తింటుందా అండీ?" అని తల్లిని అడుగుతారు. ఆమె చేతులు పట్టుకుని "మీరు దేవతమ్మా" అంటారు. దేవత అన్నాక ఇంకేం మాట్లాడతాం, నోరు మూసుకుని నిలబడటమే. అనుమానించేవాళ్లూ ఉంటారు. ఒకసారి సూటు వేసుకున్న పెద్దమనిషి లేచి, "ఇదంతా తల్లే చెప్పిస్తోందేమో. అమ్మగారూ, మీరు కాస్త బయట కూర్చోండి, చూద్దాం" అన్నాడు. ఆమె లేచి వెళ్లి గుమ్మం బయట చెప్పుల పక్కన కూర్చుంది. లోపల రెండు నిమిషాల తర్వాత యంత్రం గొంతు వినపడింది. "మీ ఆవిణ్ణి కూడా కాసేపు బయట కూర్చోబెడితే, మీ మాటల్లో ఆవిడవెన్నో మేమూ చూస్తాం." హాలంతా ఘొల్లుమంది. బయట ఆమె కూడా నవ్వింది, చాలాకాలానికి.

అలాంటి కూతురి ఎదుట ఇవాళ తను కూర్చోవాలి.

కూతురికి పద్నాలుగేళ్లు వచ్చేదాకా, ఆ పిల్లకు ఏమీ అర్థం కాదనే అందరూ అన్నారు. డాక్టరు అదే అన్నాడు, భర్త అదే అన్నాడు. వినగా వినగా ఆమె కూడా నమ్మింది. నమ్మింది కాబట్టే రోజూ స్నానం చేయించేటప్పుడు మనసులో ఉన్నదంతా చెప్పుకునేది. కొళాయి తిప్పితే చప్పుడుకి బయటివాళ్లకు వినపడదు. పెళ్లికి ముందు ఆఫీసులో టైపిస్టుగా చేసిన రోజులు చెప్పేది. మధ్యాహ్నం ఆరుగురు ఆడవాళ్లు డబ్బాలు తెరుచుకుని కూర్చుని ఆఫీసరును ఎలా వెక్కిరించేవాళ్లో నడిచి మరీ చూపించేది. తను కొనుక్కున్న టైపు మిషన్ను అత్తగారు పాతసామాన్లవాడికి ఇచ్చేసి, "దుమ్ము పడుతోందని ఇచ్చేశాలే" అన్న సంగతి చెప్పేది. "మీ నాన్నతో పదిమాటలు వరసగా మాట్లాడి ఎన్నాళ్లయిందో" అనేది. ఒక్కోరోజు, వీపు రుద్దుతూ, "నువ్వు పుట్టకపోయినా బాగుండేదే" అనేది. అనేసి ఆ వీపు మీదే తల ఆనించి ఏడ్చేది. మళ్లీ తనే కళ్లు తుడుచుకుని మర్నాటి కబుర్లలో పడేది. ఆ అరగంటే ఆమె బతికిన బతుకు.

పద్నాలుగో ఏట, వారానికి రెండుసార్లు ఇంటికొచ్చి నేర్పిన టీచరమ్మ ఒక సాయంత్రం అందర్నీ పిలిచింది. తెర మీద మొదటి వాక్యం ఉంది. "ఈ ఫ్యాను మూడేళ్లుగా కిర్రుమంటోంది, ఎవరైనా బాగుచేయించండి." ఇల్లంతా నవ్వులూ ఏడుపులూ. భర్త ఆ క్షణానే స్టూలెక్కి ఫ్యాను విప్పాడు. ఆమె మాత్రం స్నానాలగదిలోకి వెళ్లి తలుపేసుకుంది. మూడేళ్లుగా ఫ్యాను విన్న చెవులు ఇంకేం విన్నాయి?

అప్పటినుంచీ తేలు కుట్టిన దొంగలా ఉండిపోయింది. తిన్నావా, పడుకుంటావా, చొక్కా గుచ్చుకుంటోందా, ఈ మూడు ముక్కలే. కూతురు వెయ్యి ప్రశ్నలతో ఊరందర్నీ పలకరిస్తుంటే, ఆమె పక్కన మంచినీళ్ల సీసా పట్టుకుని నిలబడేది. పదేళ్లు అలాగే గడిచిపోయాయి. కూతురు ఏనాడూ ఆ పాత సంగతులెత్తలేదు. ఎత్తకపోవడమే ఆమెకు ఎక్కువ భయంగా ఉండేది.

హాలు దగ్గర కార్యక్రమం నడిపే అమ్మాయి ఎదురొచ్చి ఆమె మెడ దగ్గర మైకు తగిలించింది. "ఆంటీ, చివర్లో తను మీకు థ్యాంక్స్ చెప్పేట్టు ప్లాన్ చేశాం. చెప్పగానే మీరు గట్టిగా కౌగిలించుకోండి, చాలు."

"మీద పడి పట్టుకుంటే తనకు పడదమ్మా."

"ఒక్కసారికేగా ఆంటీ! జనం చూస్తారు."

ముందు వరసలో భర్త ఫోను పైకెత్తి పట్టుకుని కూర్చున్నాడు. "దయచేసి చప్పట్లు కొట్టకండి. ఆ చప్పుడు తనకు బాధగా ఉంటుంది. చేతులు గాలిలో ఊపండి, చాలు" అని ఆ అమ్మాయి మైకులో చెప్పింది. అందరూ సరదాగా చేతులూపారు. కూతురు కూడా వేళ్లాడించింది.

మొదటి ప్రశ్నకు నిమిషం పట్టింది. "అమ్మా, నువ్వు నిమిషానికి ఎన్ని మాటలు టైపు చేసేదానివి?"

ఆ సంగతి ఈ ప్రపంచంలో ఒక్కచోటే చెప్పింది, కొళాయి చప్పుడులో. "నలభై అయిదు" అంది మెల్లగా.

"నేను ఆరు" అంది యంత్రం. జనం పకపకా నవ్వారు. భర్త ఫోను కాస్త దించి, ఎవరో కొత్తమనిషిని చూసినట్టు భార్యను చూశాడు. ఆయనకు ఆ లెక్క తెలియదు.

మధ్యలో జనానికి అవకాశం ఇచ్చారు. ఒక పెద్దావిడ లేచి, అప్పటికే చెమ్మగిల్లిన కళ్లతో, "ఇన్నేళ్లలో ఎప్పుడైనా విసుగొచ్చిందా తల్లీ?" అని అడిగింది.

ఈ ప్రశ్నకు ఆమె దగ్గర జవాబు ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది. "ఒక్కరోజు కూడా రాలేదండీ. తను నాకు వరం."

అంతే, హాలంతా చప్పట్లు. వద్దని చెప్పిన మాట ఎవరికీ గుర్తులేదు. కొందరు లేచి నిలబడి మరీ కొట్టారు. కూతురు రెండు చెవులూ మూసుకుని మోకాళ్లలోకి ముడుచుకుపోయింది. తల్లి మీద ప్రేమతో కొడుతున్న చప్పట్లు పిల్లను కొడుతున్నాయని ఎవరికి చెబుతుంది? చప్పుడు సద్దుమణిగాక కూతురు చేతులు దించి, తల్లి వంక ఒకసారి చూసి, టైపు చేయడం మొదలుపెట్టింది.

ఒక నిమిషం అయింది. ఎవరో దగ్గారు. రెండో నిమిషంలో ఎవరిదో ఫోను మోగి ఆగిపోయింది. "పాపం, వెతుక్కుంటోంది" అని వెనకెవరో గొణిగారు. కూతురు ఊగుతూనే ఉంది. ఇన్నాళ్లూ ఎందరో అతిథులు కూర్చున్న ఆ నిశ్శబ్దంలో ఇప్పుడు తను కూర్చుంది. స్నానాలగదిలో కూడా ఎన్నడూ చెప్పని ఆ ఒక్క సంగతీ లోపలినుంచి తన్నుకొచ్చింది.

కూతురికి అప్పుడు ఏడేళ్లు. ఆసుపత్రినుంచి వస్తున్నారు. "ఈ పిల్ల ఎప్పటికీ ఇంతేనమ్మా" అన్నాడు డాక్టరు. పొద్దున బయల్దేరేటప్పుడు తోడు రమ్మంటే, "నీ కూతుర్ని నువ్వే చూసుకో, నాకు ఆఫీసుంది" అన్నాడు భర్త. బస్టాండులో బెంచీ మీద పిల్లను కూర్చోబెట్టి, చేతిలో బిస్కెట్ల పొట్లం పెట్టింది. ఎదురుగా బస్సు ఆగింది. ఎక్కడికి పోయేదో కూడా చూడకుండా ఎక్కేసింది. బస్సు కదిలింది. రెండు స్టాపుల తర్వాత దిగి, చెప్పు తెగిపోయినా ఆగకుండా పరుగెత్తుకుంటూ వచ్చింది. పిల్ల అదే బెంచీ మీద, అదే పొట్లం పట్టుకుని ఊగుతోంది. పొట్లం విప్పలేదు.

యంత్రం మాట్లాడింది. ఆమె కళ్లు మూసుకుంది.

"నేను టైపు చేయడం మొదలుపెట్టిన రోజు నుంచి నువ్వు నాతో మాట్లాడటం మానేశావు. ఎందుకమ్మా?"

ఇక్కడ చేతులూపాలో, కళ్లు తుడుచుకోవాలో తెలియక జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ముందు వరసలోంచి భర్త సగం లేచి, "థ్యాంక్స్ చెప్పమ్మా, థ్యాంక్స్!" అన్నాడు గుసగుసగా, అందరికీ వినపడేలా. కార్యక్రమం నడిపే అమ్మాయి పక్కనుంచి కౌగిలించుకోమని సైగ చేస్తోంది.

ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది. పదేళ్లుగా ఈ పిల్ల తనమీద నేరం మోపుతుందని భయపడింది. పిల్ల మాత్రం కబుర్ల కోసం ఎదురుచూసింది. మాట వచ్చినందుకు పిల్లకు దక్కింది, తల్లి మాట పోవడం.

మెడ దగ్గర మైకును పట్టుకుని చూసింది. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు. పడనీ, కానీ ఇంతమంది కాళ్ల మీద ఎందుకు? మైకు ఊడదీసి బల్ల మీద పెట్టింది. కుర్చీని జనానికి వీపు వచ్చేలా తిప్పుకుని కూతురికి దగ్గరగా జరిగింది, తాకకుండా.

"భయమేసిందే" అంది. "నీకన్నీ తెలుసని భయమేసింది. ఆ బస్టాండు..."

కూతురు యంత్రం గొంతును ఆపేసింది. ఒక్కో అక్షరం నొక్కి, తెరను తల్లివైపు మాత్రమే తిప్పింది.

"నువ్వు బస్సెక్కడం చూశాను. తిరిగి రావడం చూశాను. బస్సులో ఏమైందో నాకు తెలియదు. అది చెప్పు."

వెనక వరసలోంచి ఎవరో అరిచారు. "అమ్మగారూ, మాకు వినపడటం లేదు!"

ఆమె తిరిగి చూడలేదు. స్నానాలగదిలో కూర్చున్నట్టు మోకాళ్లు దగ్గరికి లాక్కుని, చాలా ఏళ్ల తర్వాత, తన గొంతుతో మొదలుపెట్టింది.

"కిటికీ పక్కన సీటు దొరికిందే..."