నల్ల తువ్వాలు

కాపర్‌-టీ వేసినప్పుడు నర్సక్క, "మూడు నెలల్లో సర్దుకుంటుందమ్మా" అంది. ఎనిమిది నెలలైంది. నెలకు పన్నెండు రోజులు రక్తం, కడుపులో మెలిపెట్టే నొప్పి. మరకలు కనబడకుండా కుట్టుమిషన్ స్టూలు మీద నల్ల తువ్వాలు మడిచి వేసుకుంటున్నాను. మా ఆయన, "అందరికీ ఉండేదేగా" అంటాడు. ఆయన సొమ్మేం పోయింది!

ఒళ్లు మండి క్లినిక్‌కి వెళ్లాను.

"తీసెయ్యక్కా! నీకేం, చెప్పడం తేలికే!" అని అరిచాను.

నర్సక్క గ్లవుజుల కోసం లేచింది. ఆమె కుర్చీలో నాలుగు మడతలు వేసిన నల్ల తువ్వాలు ఉంది.

ఆ తువ్వాలు వైపే చూస్తూ, "నీకెన్నాళ్లయిందక్కా?" అన్నాను.

"నాలుగేళ్లు. తీయించుకుంటే మళ్లీ కడుపొస్తుందని భయం."

నాది తీసేసింది. నేను గుమ్మం దాటుతుంటే, లోపలికొచ్చిన కొత్త అమ్మాయితో అంటోంది: "మూడు నెలల్లో సర్దుకుంటుందమ్మా."